అమ్మకు రెండు ఎడమ చేతులు

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోయాను, ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. మా ఉద్దానంలో నా వయసు ఆడవాళ్లలో చాలామందికి రావు, అందులో వింతేమీ లేదు. అక్షరాలు రానివాళ్లకు వేలిముద్ర ఉంటుంది. నాకు అదీ లేకపోయింది. చిన్నప్పటి నుంచి జీడి పిక్కలు కొట్టిన చేతులు ఇవి. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. పాత చర్మం ఊడి, కొత్తది వచ్చి, అదీ ఊడి, చివరికి వేలి కొసలు నున్నగా అయిపోతాయి. సిరా అద్ది కాగితం మీద నొక్కితే నల్లటి మచ్చ పడేది గాని గీతలు పడేవి కావు. కాగితాల రోజుల్లో ఆ మచ్చే సరిపోయింది. వేలు పెట్టే మిషన్లు వచ్చాక తంటా మొదలైంది. రేషను బియ్యానికి వెళ్లి నిలబడితే మిషను నన్ను గుర్తుపట్టేది కాదు. కడుక్కుని పెట్టమనేవారు, తుడుచుకుని పెట్టమనేవారు, ఇంకో వేలు పెట్టమనేవారు. ఇచ్చేవాళ్లు మంచివాళ్లే, ఏదో దారి చూసి ఇచ్చి పంపేవారు. కానీ నా వెనక నిలబడ్డ అంతమంది ముందు, నేను నేనే అని చెప్పుకోవడానికి నా దగ్గర ఏ గుర్తూ లేకపోవడం మనసుకు కష్టంగా ఉండేది. అందుకే సంతకం నేర్చుకుందామనుకున్నాను. నేర్చుకున్నాక సంతకం దగ్గర ఆగలేకపోయాను.

నేను అ ఆలు పలక మీద దిద్దలేదు. మా కోడలు నీలవేణి కాశీబుగ్గలో మా ఇంటి ముందుగదిలో పాత కంప్యూటరు ఒకటి పెట్టుకుని పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు తయారు చేస్తుంది. అందులో ఉన్నవన్నీ డబ్బు కట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్లే. వాటిలో కొన్నిటికి పైన కనిపించే మాటలు తెలుగులోనే ఉంటాయి. ఎవరో పనిగట్టుకుని కూర్చుని తెలుగు చేసి పెట్టారట. తను పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని ఆ మాటలు ఒక్కొక్కటీ అడిగేదాన్ని. నాకు వచ్చిన మొదటి అక్షరం 'ఫ'. ఫైలులో 'ఫ'. తర్వాత తెరువు, మూసివేయి, కత్తిరించు, అతికించు, భద్రపరచు. పిల్లలు అమ్మ, ఆవు అని చదువుకున్నట్టు నేను అవి చదువుకున్నాను. తెర మీదే అక్షరాల పలక ఒకటి వస్తుంది, మౌసు బాణాన్ని దాని మీదికి జరిపి వేలితో నొక్కితే అక్షరం పడుతుంది. వేలిముద్ర లేని వేలికి ఆ పలక ఏ అభ్యంతరమూ చెప్పలేదు. నేను కొట్టినదాన్ని పైకి చదివి వినిపించేది కూడా ఒకటుంది. నేను తప్పు రాస్తే అది తప్పే చదివేది, చెవికి తెలిసిపోయేది.

మాట్లాడితే రాసిపెట్టేది మాత్రం నాతో చాలా గొడవ పడింది. మొదటిరోజు దాని ముందు నోరు పెట్టి, "ఏటి సేత్తన్నావు" అన్నాను. 'ఏటి సేతు అన్నావు' అని రాసింది. నీలవేణి నవ్వి నవ్వి కుర్చీలోంచి లేచిపోయింది. "ఏటి మీద వంతెన కట్టేవు గదే అత్తా" అంది. నేను రాసిన మాటల కింద ఎర్రటి గీతలు కూడా వచ్చేవి. అప్ప అని రాస్తే ఎర్రగీత, అగుపడు అని రాస్తే ఎర్రగీత. మేము అక్కను అప్ప అంటాము. తప్పు రాశానేమోనని చెరిపేసేదాన్ని. నీలవేణి చూసి, ఆ మాట మీద నొక్కి, 'నిఘంటువులో చేర్చు' అన్నది చూపించింది. నొక్కాను. ఎర్రగీత పోయింది. ఆ రోజు నుంచి ఆ కంప్యూటరుకు అప్ప అంటే తెలుసు.

మా అప్ప పేరు గున్నమ్మ. ఈమధ్యే పోయింది. బారువ దగ్గర కొబ్బరితోటల్లో ఆమె ఇల్లు. మా వైపు ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చింది. డయాలసిస్‌కు పలాస వచ్చేది. అయ్యాక ఒంట్లో ఓపిక ఉండేది కాదు, పక్కనే కాశీబుగ్గలోని మా ఇంటికి వచ్చి మంచం మీద పడుకుని, ఎండ తగ్గాక ఆటోలో వెళ్లేది. చూపు మందగించింది. ఆ మంచం మీదే ఒకరోజు నాతో అంది: "సిన్నీ, అమ్మ మొకం నాకు అగుపడ్డం లేదే. కళ్లు మూసుకున్నా రావడం లేదు. పోయేలోగా ఓసారి సూడాలని ఉంది."

అమ్మ ఫొటో ఒక్కటే ఉంది. టెక్కలిలో ఒక స్టూడియోలో తీసినది. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్లో నేను, పసిపిల్లని. నాకు ఊహ రాకముందే ఒక గాలివానకు మా ఇంటి కప్పు పడిపోయి ఫొటో తడిసిందట. అమ్మకు కుడిపక్క అంతా అద్దానికి అంటుకుపోయి, తీస్తుంటే ఊడిపోయిందట. నాకు తెలిసినప్పటి నుంచి అది అలాగే ఉంది. అమ్మ మొహం మీద చారలు, చీర మీద బూజు మరకలు, కుడిపక్కన అమ్మ మోచేతి దగ్గర నుంచి ఏమీ లేదు, వెనక అట్ట మాత్రమే కనిపిస్తుంది. ఇన్నేళ్లూ అప్ప ఇంట్లో ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది.

అమ్మ పేరు తవిటమ్మ. మాకు కొద్దిగా జీడితోట ఉండేది, అది ఇంటికి చాలేది కాదు. అమ్మ బయటి నుంచి కూడా పిక్కలు తెచ్చి ఇంటి దగ్గరే కొట్టేది. తెల్లవారకముందే లేచి, పొయ్యిలోని బూడిద జల్లించి ఒక మూకుడులో వాకిట్లో పెట్టేది. పిక్కలు కొట్టడానికి మా అరుగు మీదికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చేవారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆ బూడిద రెండు చేతులకూ రాసుకుని కూర్చునేవారు. నూనె చర్మానికి తగలకుండా అదే అడ్డు. ఎవరి పొయ్యి బూడిద అని అడిగేవారు కాదు. కాల్చిన పిక్కల పొగ వాసన ఒకటి ఉంటుంది, గొంతులో పట్టుకుంటుంది. అది మా దుప్పట్లలో, మా జడల్లో, మేము తినే అంబలిలో కూడా ఉండేది. పక్కఊరి చుట్టాలు మా ఇంటికి వస్తే గడపలోనే ముక్కుకు కొంగు పెట్టుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని ఇల్లు ఎవరూ లేని ఇల్లులా తోచేది.

ఎంత బూడిద రాసినా నూనె దారి చూసుకునేది. వానాకాలంలో అమ్మ అరచేతులు పచ్చిపుండుగా ఉండేవి. పులుసు కలిపిన అన్నం ముట్టుకోలేకపోయేది. అప్పుడు అప్ప కలిపి ముద్దలు పెట్టేది. అప్పకే అంతంతమాత్రం వయసు. పొయ్యి పక్కన అమ్మ గోడకు ఆనుకుని నోరు తెరిచేది, అప్ప మోకాళ్ల మీద నిలబడి పెట్టేది. మా అయ్య కొబ్బరితోటలో పని నుంచి వచ్చి అది చూసి కూడా చూడనట్టు బయటికి వెళ్లి కూర్చునేవాడు. అమ్మ మమ్మల్ని ఎప్పుడూ అరచేత్తో నిమరలేదు. నూనె అంటుతుందని, గరుకు గీరుకుంటుందని. చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ల వెనకభాగంతో బుగ్గ మీద రాసేది. పిల్లల్ని నిమరడమంటే అందరూ అలాగే నిమురుతారని చాలాకాలం అనుకున్నాను. నలుగురిలోకి వెళ్తే అమ్మ చేతులు కొంగులో దాచుకునేది. పెళ్లిళ్లలో తాంబూలం కూడా కొంగు పట్టే తీసుకునేది. మమ్మల్ని ఎవరైనా చదువుకు పంపమంటే నవ్వి ఊరుకునేది. అప్ప, నేను, ఇద్దరమూ ఒకరి వెనక ఒకరం ఆ బూడిద మూకుడు దగ్గరికే వచ్చాము.

అప్ప కోరిక విని ఆమె కొడుకు రామారావు ఊరుకోలేదు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు, తల్లంటే ప్రాణం. ఫోనులో ఏదో సైటు తెరిచి అమ్మ ఫొటో అందులో పెట్టాడు. పాత ఫొటోలను ఊరికే బాగుచేసి ఇస్తుందట. కాసేపట్లోనే ఇచ్చింది. దాన్ని పెద్దదిగా తీయించి, ఫ్రేము కట్టించి, డయాలసిస్ రోజున మా ఇంటికి తెచ్చాడు. చూసి అందరమూ నోరు తెరిచాము. చారలు లేవు, మరకలు లేవు. చీరకు రంగు వచ్చింది. ఊడిపోయిన కుడిపక్కన గోడ వచ్చింది, అమ్మకు కుడిచెయ్యి వచ్చింది. తెల్లటి, పొడుగాటి వేళ్లు నా పొట్ట మీద ఆనించి ఉన్నాయి. నాకు కూడా ఒక్క క్షణం సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు.

అప్ప దాన్ని కిటికీ వైపు తిప్పి, మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవుల్రా ఈవిడ?" అంది.

"అమ్మమ్మేనే అమ్మా. సరిగ్గా సూడు."

"మీ అమ్మమ్మ సేతులు ఇలగుండవురా," అంది అప్ప. కోపం లేదు. ఫ్రేమును వాడి చేతికి తిరిగి ఇచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "ఈవిడెవులో పిక్క ముట్టుకోలేదు."

రామారావు మొహం చూడలేకపోయాను. వాడి తప్పేమీ లేదు. ఆ సైటుకు అమ్మ వేళ్ల మీది నలుపు కూడా బూజులాగే కనిపించింది, తుడిచేసింది. మొహం మీద చారల కింద ఏముందో దానికి తెలియదు, దానికి తెలిసిన మొహమేదో పెట్టింది. నీలవేణి మాత్రం ఇంకో మాట అంది. ఊరికే ఇస్తామనే ఇలాంటివాటిలో కొన్ని మన ఫొటోలు దాచుకుంటాయని, ఎక్కడ దాచుకుంటాయో మనకు తెలియదని. పలాస సంతకు కూడా చేతులు కప్పుకుని వెళ్లిన అమ్మ, ముక్కూమొహం తెలియని చోటికి అలా వెళ్లిపోయిందా అని నాకు దిగులు వేసింది.

నీలవేణి దగ్గర ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు ఇంకొకటి ఉంది. అదీ ఊరికే దొరికేదే, కానీ అది తనంతట తాను ఏమీ పెట్టదు. మనం చెప్పిందే చేస్తుంది. ఎవరు తయారుచేశారు, ఎందుకు ఊరికే ఇస్తున్నారు అని అడిగాను. ఎక్కడెక్కడివాళ్లో తీరిక ఉన్నప్పుడు తలా కాస్తా చేసి, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకోమని వదిలేస్తారంది. నాకు వాకిట్లో బూడిద మూకుడు గుర్తుకొచ్చింది. అమ్మ ఫొటోను అందులో నేనే బాగుచేస్తానన్నాను. తను చేస్తే ఒక పూటలో అయిపోతుంది, నాకు తెలుసు. తనూ ఆ మాట అనలేదు, పాత ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించి పెట్టి, కుర్చీ ఖాళీ చేసింది.

అందులో పొరలు అని ఒకటుంది. అసలు ఫొటో అడుగున కదలకుండా ఉంటుంది. దాని మీద గాజుపలకలాంటి పొర పరిచి, అతుకులన్నీ దాని మీద వేస్తాము. పొర తీసేస్తే అమ్మ మళ్లీ ఎప్పటిలాగే ఉంటుంది. నాకు ధైర్యం ఇచ్చింది అదే. చిరుగు పక్కనున్న బాగున్న ముక్కను తీసి చిరుగు మీద అద్దాలి. చీర కుచ్చిళ్ల దగ్గరిది కుచ్చిళ్లకే, గోడది గోడకే. బాగా దగ్గరికి లాక్కుని చూస్తే అంతా చుక్కలే, ఎక్కడ ఉన్నానో తెలిసేది కాదు. ఒకసారి చాలాసేపు పనిచేశాక వెనక్కి జరిపి చూస్తే అది అమ్మ కనుబొమ్మ. మరకనుకుని సగం తుడిచేశాను. రద్దుచేయి నొక్కాను, వెనక్కి వచ్చింది. మొహం జోలికి చాలా తక్కువగా వెళ్లాను. చారలను మాత్రం పలచన చేశాను. చారల మధ్య నుంచి అమ్మ కొద్దికొద్దిగా బయటికి వచ్చింది. పై పెదవి మీద చెమటతో సహా. ఎడమచెయ్యి నా పొట్ట మీద ఉంది. వేళ్లు నల్లగా, గోళ్లు సగం తినేసినట్టు, బొటనవేలు కొస పగిలి. ఆ నలుపును ముట్టుకోలేదు.

కుడిచేతికి మాత్రం అద్దడానికి ఏమీ లేదు. అక్కడ ఫొటోయే లేదు. ఎడమచేతిని నకలు తీసి, అద్దంలో తిప్పినట్టు తిప్పి పెడదామని నీలవేణి చెప్పింది. పెట్టాను. కుదిరింది కూడా. తర్వాతి డయాలసిస్ రోజున కాగితం మీద తీసి అప్పకు చూపించాను. మొహాన్ని చూసి అప్ప కళ్లు తుడుచుకుంది. "ఇదే, అమ్మే," అంది. ఎడమచేతి వేళ్ల మీద ఒక్కొక్కదాని మీదా తన వేలు పెట్టి చూసుకుంది. తర్వాత కుడిచేతి దగ్గర ఆగింది. పెదవి ఒక పక్క నుంచి నవ్వు వచ్చింది ఆమెకు. చాలాకాలానికి చూశాను ఆ నవ్వు.

"ఓలే సిన్నీ, అమ్మకి రెండు ఎడమసేతులు ఎట్టేవేటే?"

నాకు అప్పుడు తట్టింది. ఎడమచేత్తో పిక్క పట్టుకుంటాము, కుడిచేత్తో కొయ్య పట్టి కొడతాము. నూనె చిమ్మేది పట్టుకున్న చేతి మీద. నల్లబడేది ఎడమచెయ్యే. కుడిచేతికి లోపల కొయ్య రాసుకుని కాయలు కాస్తాయి గాని వేళ్లు అంత నల్లబడవు. జీవితమంతా ఆ పనే చేసి, నా చేతులు నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుని, ఇది నాకు తోచలేదు. అయితే కుడిచెయ్యి ఎలా ఉండేదో చెప్పు, అలాగే దిద్దుతానన్నాను.

అప్ప ఫొటో తీయించుకున్న రోజు సంగతి ఎత్తింది. ఆ రోజు టెక్కలి ఎందుకు వెళ్లారో, స్టూడియోలో ఎంత ఉక్కగా ఉందో నెమ్మదిగా చెప్పింది. ఫొటో తీసే ఆయన అమ్మ చేతులు కొంగులోంచి తీయమన్నాడట, ఫొటోలో చేతులు కనిపించాలి అన్నాడట. అమ్మ ఎడమచెయ్యి తీసి నా మీద పెట్టింది, నేను జారిపోకుండా. కుడిచెయ్యి తీయలేక ఏడుపు మొహం పెట్టిందట. ఆ రోజు కుడిచెయ్యి కూడా పచ్చిపుండుగా ఉంది.

"నాను పక్కనే నిలబడ్డాను," అంది అప్ప. "అమ్మ సెయ్యి నా రెండు సేతులతో మూసేను. మూసి అలగే పట్టుకున్నాను, ఆయన తీసీదాకా. అమ్మ సెయ్యి అక్కడ అగుపడదే. నా సేతులే అగుపడతాయి."

ఊడిపోయినది అప్ప. ఇన్నేళ్లూ ఆ ఫొటోలో అమ్మ, నేను ఇద్దరమే అనుకున్నాను. నా పెళ్లిలో, అమ్మ పోయినప్పుడు, ఎన్నిసార్లు ఆ ఫొటో అప్ప ఇంట్లోనే గుడ్డ విప్పి చూసుకున్నానో. ఒక్కసారి కూడా ఆమె ఆ మాట అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవులడిగేరు?" అంది.

అప్ప చిన్నప్పటి ఫొటో ఇంకొకటి లేదు. ఇప్పుడు ఫోన్ల నిండా ఫొటోలే, తినే కంచాన్ని కూడా తీస్తున్నారు. ఎన్నని చూస్తారో, చూడరో నాకు తెలియదు. మాకు ఆ రోజుల్లో ఒక్కటే తీశారు, దాన్లోనూ సగం గాలివాన పట్టుకుపోయింది. చిన్నపిల్ల చేతులు ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టవచ్చు. నా మనవరాలి చేతులు ఫొటో తీసి అద్దవచ్చని నీలవేణి అంది కూడా. మంచిమాటే. కానీ ఆ పాప చేతులకు కొలత సరిపోతుందేమో గాని, అవి బూడిద రాసుకున్న చేతులు కావు. ఏం చేయమంటావని అప్పనే అడిగాను.

"అక్కడ ఏటీ ఎట్టకు. కాళీగానే ఒగ్గీ."

కంప్యూటరు దగ్గరికి వెళ్లి, తిప్పి పెట్టిన చెయ్యి ఉన్న పొరను తీసేశాను. కుడిపక్కన మళ్లీ అట్ట కనిపించింది. అలాగే కాగితం మీద తీసి తెచ్చి అప్ప ఒళ్లో పెట్టాను. సూదులు గుచ్చిన చేతికి ఇంకా పట్టీ ఉంది. రెండో చెయ్యి తెచ్చి ఆ ఖాళీ మీద బోర్లించింది. కళ్లు మూసుకుంది. కాసేపటికి, "ఆ, అగుపడతంది," అంది. ఆ చెయ్యి అలా ఉండగానే నిద్రపోయింది. ఆటో వచ్చాక కూడా లేపబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే, నీలవేణి లేవకముందు, నేనే కంప్యూటరు తీసి ఆ ఫొటో తెరిచాను. అడుగున కొంచెం తెల్లటి చోటు పెంచి, అక్షరాల పలక తెచ్చుకుని, వేలితో ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ రాశాను: మధ్యలో అమ్మ తవిటమ్మ, ఒళ్లో సిన్నమ్మ, అమ్మ కుడిపక్కన చిరుగులో పెద్దకూతురు గున్నమ్మ. పైకి చదివించుకుని, తప్పు లేదని విని, భద్రపరిచాను.